రెండు వాషింగ్ మిషన్ల నడుమ ఓ మిరపకాయ

ఒక ఆదివారం మధ్యాహ్నం హన్మకొండలోని మా ఇల్లంతా గొల్లుమంది. మా అమ్మ ఏడ్చింది. మా ఆవిడ ఏడ్చింది. పిల్లనిచ్చిన మామగారైతే హాలు మధ్యలో నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి, గోడ ఎక్కడుందో తెలియని మనిషిలా ఏడ్చాడు. ఓదార్చడానికి వచ్చిన ఎదురింటావిడ కూడా ఏడ్చింది. ఎవరూ పోలేదు. ఏ చెడువార్తా రాలేదు. నేను బట్టలు ఉతికాను, అంతే. బట్టలు ఉతికితే నీళ్లు బట్టల నుంచి కారాలి గానీ మనుషుల నుంచి కారడమేమిటని మీరు అడగవచ్చు. వాళ్లూ అదే అడిగారు, కళ్లు తెరవగలిగాక.

జరిగింది చెప్పేముందు నా గురించి ఒక ముక్క. నా భార్య పేరు స్వప్న. కలలు కనే శాఖ మాత్రం నాది. తిరిగే వస్తువేది కనబడినా నా మనసు దానివెంట తిరగడానికి వెళ్లిపోతుంది. సీలింగు ఫ్యాను, చెరుకురసం బండి చక్రం, చివరికి ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు. ఏది చూసినా నేను అక్కడ ఉండను. శరీరం ఉంటుంది. అది "ఊఁ" అంటుంది. జనం దాన్ని నేనే అనుకుని పనులు అప్పజెబుతారు. నా జీవితంలోని తప్పులన్నీ ఆ శరీరం చేసినవే.

ఇక మిషన్ల సంగతి. పాతది అమ్మది. నేను బడికి వెళ్లే రోజుల్లో బాపు, అంటే మా నాన్న, కొన్నాడు. రెండు తొట్లది. ఒక తొట్టిలో ఉతకాలి, రెండోదాంట్లో పిండాలి. పైపు పెట్టి నీళ్లు మనమే నింపాలి, నిండగానే ఆపాలి, ఉతికాక వదిలెయ్యాలి, తడిసి బరువెక్కిన బట్టల్ని పసిపిల్లల్లా ఎత్తి పక్క తొట్టిలో కూర్చోబెట్టాలి. అంటే సగం పని మిషను చేస్తుంది, సగం మనిషి చేస్తాడు. ఎవరు ఎవరికి సహాయమో తేలదు. పిండే తొట్టి మూత ఎప్పుడో విరిగితే అమ్మ దాని మీద ఇటుక పెట్టింది. తిరగడం మొదలుపెడితే ఆ మిషను ఉన్నచోట ఉండేది కాదు. గజగజ వణుకుతూ, ఇటుకను నెత్తిన మోస్తూ, వరండా మూల నుంచి వంటింటి గడప దాకా నడిచి వచ్చేది. అమ్మ దాన్ని తోసి మళ్లీ మూలకు పంపేది. అయినా నాకు ఆ చప్పుడంటే ప్రాణం. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట దాని పక్కనే చాప మీద పడుకునేవాణ్ని. దూరాన గూడ్సుబండి పోతున్నట్టు, ఆ బండి నన్ను కూడా ఎక్కించుకుని ఏ ఊరో తెలియని ఊరికి తీసుకుపోతున్నట్టు ఉండేది.

కొత్తది నేను కొన్నాను. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు. మీద ముట్టుకుంటే వెలిగే బటన్లు. నీళ్లు తనే నింపుకుంటుంది, తనే వేడి చేసుకుంటుంది, తనే పిండుకుంటుంది, పనైపోయాక తనను తానే మెచ్చుకుంటూ ఒక పాట పాడుతుంది. అమ్మను అడగకుండా కొన్నాను. దుకాణం ఆయనకు బాపు తెలిసినవాడే కాబట్టి, "ఇంట్లో పెట్టుకుని చూడండి. ఆదివారం మావాళ్లు వస్తారు. నచ్చితే పాతది తీసుకుపోతారు, నచ్చకపోతే కొత్తదే తీసుకుపోతారు" అన్నాడు. ఏదో ఒకటి పోవాల్సిందే. అదీ లెక్క.

అమ్మ ఆ అద్దంలోకి వంగి చూసింది.

"ఇదేందిరా నరేందరా, కిటికీ వెట్టిండ్రు దీనికి? బట్టలు బయిటికి చూస్తయా?"

"మనం లోపలికి చూడొచ్చమ్మా."

"మన మురికి మనమే కూసోని చూసుడా? మంచిగనే ఉన్నది సినిమా."

"నీళ్లు తక్కువ పడ్తయి. చప్పుడు రాదు. మోటరుకు ఏండ్లకేండ్లు గ్యారంటీ ఇచ్చిండ్రు."

"నా మిషన్ గ్యారంటీ అయిపోయినంక నీకు మీసాలు మొలిచినయ్. అయి నెరుస్తానయ్ గూడ. అది ఇంక నడుస్తనే ఉన్నది. దాని బెల్టు తెగితే నేనే ఏసిన. దీని బోర్డు కాలితే నువ్వేస్తవా?"

ఈసారి స్వప్న అందుకుంది. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే కాలేజీ బస్సు అందుకోవాలి.

"అత్తమ్మా, మీ మిషన్ గట్టిదే, కాదంటలేను. కాకపోతే దాని పక్కన ఓ మనిషి నిలవడాలె. పొద్దుగాల ఒక కన్ను కుక్కర్ మీద, ఒక కన్ను నీళ్ల పైపు మీద పెడ్తున్న. మొన్న జర మర్చిపోతే హాల్ల చెప్పులు తేలినయ్. క్లాసుల కూడ నాకు పైపే యాదికొస్తాంది."

ఆ మాటా నిజమే. తర్వాత అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అన్న మాట కూడా నిజమే.

"ఆ బటన్ల మీద ఇంగ్లీషు నాకొస్తదారా? నా ఇంట్ల నా చీర ఉతుక్కునేందుకు ఇంకొకలను అడుక్కోవాల్నా?"

ఇటు స్వప్న ఉదయాలు, అటు అమ్మ రాజ్యం. తెలివిగలవాడైతే ఆ వారమంతా ఏ మరిపెడలోనో పనుందని వెళ్లిపోయేవాడు. నేను మాత్రం గొంతు సవరించుకుని ప్రకటించాను.

"పోటీ వెడ్దాం. ఒక్కతీరు మురికిబట్టలు రెండింట్ల ఏద్దాం. గెల్సింది ఉంటది, ఓడింది పోతది."

"తీర్పు ఎవలు చెప్తరు?" అన్నాడు బాపు.

"నేను."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషను వచ్చినప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకే అభిప్రాయానికి రావడం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్నే పోటీ. రెండు మిషన్లకూ సమానమైన మురికి ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే బాపు బట్టలు కనబడ్డాయి. బాపుకు మిర్చి యార్డులో అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన మిర్చి బస్తాలను కొనేవాళ్లకు అమ్మిపెట్టే పని. సీజనులో ఆయన ఇంటికి వస్తుంటే ముందు ఘాటు వస్తుంది, ఆ వెనక ఆయన వస్తాడు. మా వీధి కుక్కలు ఆయనను చూసి తోక ఊపవు, తుమ్ముతాయి. అందుకే ఆ బట్టలకు అమ్మ పెట్టిన మర్యాదలు వేరు. వెనక గేటు దగ్గరే విప్పాలి. ఆమె ముక్కుకు కొంగు కట్టుకుని వాటిని దులుపుతుంది, జేబులు తిరగేస్తుంది, పాత ఇనుపతొట్టిలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తుంది. ఆ తర్వాతే మిషనులో వేస్తుంది, అదీ ఇంటి బట్టలన్నీ అయిపోయాక. ఆఖరున మిషనును ఒకసారి ఉత్తగా తిప్పుతుంది. ఈ తతంగమంతా నా దృష్టిలో చాదస్తం. చదువుకున్నవాడిని కదా.

"జేబులు చూడురా. దులుపురా ముందుగాల," అంది అమ్మ.

"దులిపితే పోటీ ఎట్లయితదమ్మా? మురికి ఉన్నదున్నట్టు ఉండాలె."

"అది మురికి గాదురా, మిరపకాయ."

"కొత్త మిషన్ కు రెండూ ఒక్కటే."

బట్టల్ని రెండు కుప్పలు చేశాను. అమ్మ తన కుప్పను తీసుకుపోయి, నేను ఎంత అభ్యంతరం చెప్పినా వినకుండా, దులిపి, నానబెట్టి, పారబోసి, అప్పుడు తన మిషనులో వేసింది. నిబంధనల ఉల్లంఘన కింద ఆమెకు మార్కులు తగ్గించాను. నా కుప్పను మాత్రం ఉన్నదున్నట్టు, జేబుల్లో ఏముందో చూడకుండా, కొత్త మిషనులో పడేసి, తక్కువ నీళ్లు, త్వరగా అయ్యేది అనే బటను నొక్కాను. గెలిపించాలి కదా. తీర్పరి నిష్పాక్షికంగా ఉండాలంటారు. నేను మనసులో నిష్పాక్షికంగానే ఉన్నాను, వేలు మాత్రం కొత్తదాని పక్షం.

తర్వాత జరిగిన తప్పుకు ఆ గుండ్రటి అద్దమే కారణం. నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను. లోపల బాపు తెల్లంగీలు మెల్లగా లేచి, పైదాకా వెళ్లి, ఒక క్షణం ఆగి, వాలిపోతున్నాయి. చెరువులో మబ్బు నీడలు కదిలినట్టు ఉంది. చప్పుడు లేదు, ఏదో ఊపిరి మాత్రం వినబడుతోంది. నా ఊపిరి కూడా ఆ వరస అందుకుంది. వరండా పోయింది. ఇల్లు పోయింది. నేను నీళ్ల అడుగున ఒక మెత్తటి ఊళ్లో ఉన్నాను. ఆ ఊళ్లో మనుషులు లేరు, అంగీలే ఉన్నాయి. చేతులు ఊపి పలకరిస్తున్నాయి. ఇంతలో నురగలో చిన్న చిన్న ఎర్రటి రేకులు తేలడం మొదలైంది. ఒకటి, తర్వాత కొన్ని, తర్వాత లెక్కలేనన్ని. మోదుగుపూలు వాగులో కొట్టుకొస్తున్నట్టు. నెమ్మదిగా అద్దమంతా లేత ఎరుపయింది.

అమ్మ అటుగా వచ్చింది. "ఏం గనవడ్తాందిరా, గంత సోయిలేకుండ చూస్తానవ్?"

"పొద్దుగూకుతాందమ్మా," అన్నాను.

"ఇంక చాయ్ గూడ తాగలే, పొద్దుగూకుడేంది?" అని ఆమె వెళ్లిపోయింది.

చూశారా? సాక్ష్యం కళ్ల ముందు గిరగిరా తిరుగుతుంటే నేను దాన్ని వర్ణించుకుంటూ కూర్చున్నాను.

పాట వచ్చింది. తలుపు తీశాను. అంగీలు తెల్లగా మెరుస్తున్నాయి. పూలవాసన, దాని వెనక ఎక్కడో సన్నగా మరో వాసన. దాన్ని కొత్త రబ్బరు వాసన అనుకున్నాను. అమ్మ మిషను అప్పటికి ఇంకా వణుకుతూ గడప దాకా నడుస్తోంది. అందులోంచి వచ్చిన బట్టలు శుభ్రంగానే ఉన్నాయి గానీ జంతికల్లా మెలికలు తిరిగాయి.

"కొత్తది గెలిచింది," అని చెప్పాను.

అమ్మ పాత మిషను మీది నుంచి ఇటుక తీసి కింద పెట్టింది. కొంగుతో దాని మూత తుడిచింది. రెండు గుండీలనూ నెమ్మదిగా సున్నా దగ్గరికి తిప్పింది. నేను అటు చూడలేక కొత్తదాని అద్దం తుడిచాను. స్వప్నకు కూడా గెలిచిన మొహం లేదు.

"పోనీ ఇంకో వారం చూద్దామా?" అంది.

"తీర్పంటే తీర్పే," అన్నాను.

ఆ బాధ మరిచిపోవడానికి ఇంట్లో తువ్వాళ్లన్నీ పోగేసి కొత్త మిషనులో వేశాను. మధ్యాహ్నం డోర్నకల్ నుంచి మామయ్య, అంటే స్వప్న వాళ్ల నాన్న, భోజనానికి వస్తున్నాడు. ఆయన రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి.

"ఉత్తగ ఓపారి తిప్పురా ముందుగాల," అంది అమ్మ, అంత బాధలోనూ.

"అవసరం లేదమ్మా. అది తనను తనే కడుక్కుంటది."

ఈసారి బాగా వేడినీళ్ల బటను నొక్కాను. ఆ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో బాపు జేబు మిరపకాయలు, గింజలు, తొక్కలు కుదురుగా కూర్చుని ఉన్నాయని నాకేం తెలుసు? వేడినీళ్లలో మిరపకాయలు వేసి మరగబెడితే దాన్ని ఉతకడం అనరు. చారు అంటారు. నేను ఆ రోజు మా ఇంటి తువ్వాళ్లతో చారు కాచాను. ఆ తర్వాత వాటిని తీసుకెళ్లి డాబా మీద, మార్చి ఎండలో, కల్లంలో మిర్చి ఆరబోసినట్టు ఆరబెట్టాను.

మామయ్య వచ్చాడు. కాళ్లు, మొహం కడుక్కున్నాడు. మా ఇళ్లలో వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి, ఉతికిన తువ్వాల చేతికివ్వడం మర్యాద. అమ్మ ఇవ్వబోతుంటే నేను అడ్డం వెళ్లాను.

"కొత్త మిషన్ల ఉతికిన తువ్వాల, మామయ్యా. జర వాసన జూడుండ్రి."

పాపం, పెద్దమనిషి. అల్లుడి ముచ్చట తీర్చడానికి మొహమంతా అందులో ముంచి, రొమ్ము నిండా ఊపిరి పీల్చాడు.

"మస్తు మెత్తగ ఉన్నదల్లుడూ," అన్నాడు. ఆ తర్వాత కాసేపు మాట రాలేదు. ఆ తర్వాత వచ్చినది మాట కాదు.

"నాన్నా! ఏమైంది నాన్నా?" అంటూ స్వప్న పరుగెత్తుకొచ్చి ఇంకో ఉతికిన తువ్వాలతో ఆయన కళ్లు తుడిచింది. కేక పెద్దదైంది. అదే తువ్వాలతో తన చెమట తుడుచుకుంది. ఆమె కేక కలిసింది. కోడలి కళ్లు తుడవడానికి అమ్మ ఇంకోటి తెచ్చింది. తుడిచినకొద్దీ మంట, మండినకొద్దీ తువ్వాల. మా ఇంట్లో ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నీళ్లు, నీళ్లు!" అని అందరూ వెనక వరండాలో పాత మిషను పక్కనున్న నల్లా దగ్గరికి తడుముకుంటూ నడిచారు. అప్పుడే ఎదురింటి సమ్మక్క వచ్చింది. గొల్లుమనడం వినబడితే ఆగే మనిషి కాదు.

"అయ్యో అయ్యో, ఎవలు పోయిండ్రే?"

అమ్మ మాట్లాడలేక గదివైపు చెయ్యి ఊపింది, బాపును పిలవమని. సమ్మక్క ఆ గదివైపు చూసి గుండెలు బాదుకుంది.

"ఓ అన్నా! మొన్ననే నవ్వుకుంట వలకరిస్తివి గదనే! గప్పుడే తొందరొచ్చెనా అన్నా!"

"ఎందుకే సమ్మక్కా, గట్ల పిలుస్తానవ్?" అంటూ బాపు నిద్రకళ్లతో గదిలోంచి బయటికి వచ్చాడు.

సమ్మక్క గోడకు జారబడి కూలబడింది. ఆమెకు ముచ్చెమటలు పోశాయి. ఇంటికి వచ్చిన మనిషికి చెమట పడితే ఏం చెయ్యాలి? నా శరీరం దానంతట అదే ఒక తువ్వాల అందించింది.

ఇంత గోలలో బాపు ఒక్కడే నింపాదిగా కింద పడ్డ తువ్వాల తీసి, మొహం తుడుచుకున్నాడు. ఆయనకేమీ కాలేదు. అన్నేళ్ల యార్డు ఆయన కళ్లకు కవచం తొడిగింది. తువ్వాలను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసి, తల పంకించాడు.

"తేజ రకం. ఈ యేటి పంట. తేమ లేదు, ఘాటు మంచిగున్నది. మొన్న శాంపిలని జేబుల ఏసుకున్న మాలే ఇది," అని, మెచ్చుకోలుగా నావైపు తిరిగాడు. "తువ్వాలకు ఎట్లెక్కిచ్చినవ్ రా?"

అప్పటికి నా నుదుటి చెమట కూడా నేను తుడుచుకున్నాను. ఇక నాకూ లోకం కనబడలేదు.

సరిగ్గా ఆ సమయానికి గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. దుకాణం మనుషులు తాళ్లు భుజాన వేసుకుని లోపలికొచ్చారు.

"సార్, ఏది దీస్కపోవాలె?"

కళ్లు మూసుకునే పాత మిషనువైపు చెయ్యి చూపించాను. వాళ్లలో పెద్దాయన అటు చూసి నిలబడిపోయాడు. ఆయనకు కనబడిన దృశ్యం మీరూ ఊహించుకోండి. అమ్మ ఒక చెయ్యి పాత మిషను మీద ఆన్చి, రెండో చేత్తో నీళ్లు మొహాన కొట్టుకుంటూ ఏడుస్తోంది. కోడలు అత్త భుజం పట్టుకుని ఏడుస్తోంది. పెద్దమనిషి ఒకాయన మిషను మీదికి వంగి భోరుమంటున్నాడు. గోడ వార ఒకావిడ "అన్నా" అంటూ వెక్కుతోంది. పక్కన కొడుకూ కళ్లనీళ్లు కారుస్తున్నాడు.

పెద్దాయన మెల్లగా తాడు కింద పెట్టాడు.

"అమ్మా, మేం శానా ఇండ్లల్ల పాత సామాన్లు లేపినం. టీవీలు లేపినం, ఫ్రిజ్లు లేపినం. ఓ మిషన్ కోసం సుట్టాలు గూడ వచ్చి ఏడ్చిన ఇల్లు చూడలే."

అమ్మ ఏదో చెప్పబోయింది. దగ్గు వచ్చింది. ఏడుపు ఇంకా పెరిగింది.

"ఫికర్ చెయ్యకు తల్లీ. నీ మిషన్ ను మేం ముట్టం. మా సేటుకు నేను చెప్త," అని, తన వెంట వచ్చినవాడితో, "నడువ్ రా, ఈ ఉసురు మనకెందుకు?" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చుట్టూ చూశాడు. నా చెయ్యి తువ్వాలతో ముందుకు వెళ్లింది. స్వప్న గుడ్డిగానే ఒక్క దెబ్బ వేసి దాన్ని కింద పడేసింది.

అట్లా రెండు మిషన్లూ మాతోనే ఉండిపోయాయి. దుకాణం ఆయనతో లెక్క బాపు చూసుకున్నాడు. కళ్లు తెరుచుకున్నాక అందరూ కలిసి నన్ను ఉతికి ఆరేశారు. దానికి ఏ మిషనూ అవసరం పడలేదు. సాయంత్రం ఎండ మెత్తబడ్డాక స్వప్న అమ్మను కొత్త మిషను ముందు కూర్చోబెట్టింది. మొదలుపెట్టే బటను పక్కన ఎర్రటి బొట్టుబిళ్ల, ఆపే బటను పక్కన ఆకుపచ్చది, చీరలకు పసుపుపచ్చది అంటించింది.

"ఇగ ఎవ్వలను అడిగేది లేదు, అత్తమ్మా."

"గింతేనా? దీనికి గీ పోరడు పోటీ ఎందుకు వెట్టిండే?" అంది అమ్మ.

నిజమే. ఒక బొట్టుబిళ్లల అట్టతో తేలిపోయే తగువుకు నేను న్యాయస్థానం తెరిచాను. ఇప్పుడు ఇంటి బట్టలన్నీ కొత్తదాంట్లో, ఎవరూ పక్కన నిలబడకుండా ఉతుక్కుంటాయి. అమ్మ అద్దం ముందు కూర్చుని కూరగాయలు తరుగుతుంది. పాతది మెట్ల కిందికి మారింది, యార్డు బట్టల కోసం. దాని పక్కన నిలబడాల్సిన ఆ ఒక్క మనిషి ఎవరో ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద తేల్చారు. ఈమధ్య దాని బెల్టు తెగితే నేనే వేశాను. కొత్తదాని బోర్డు ఒకసారి పోయింది, దాన్ని మాత్రం దుకాణం నుంచి మనిషి వచ్చి వెయ్యాల్సివచ్చింది. ఏది గట్టిది, ఏది మంచిది అని మీరు నన్ను అడగకండి. మామయ్యను అసలే అడగకండి. ఆయన ఇప్పటికీ మా ఇంటికి ప్రేమగా వస్తాడు, మొహం కడుక్కుంటాడు, తువ్వాల అందించబోతే రెండడుగులు వెనక్కి వేసి, ఫ్యాను కింద నిలబడి గాలికే ఆరిపోతాడు.

కాబట్టి ఇంటి పెద్దల సాక్షిగా, మెట్ల కింద పైపు పట్టుకుని నిలబడి ప్రమాణం చేస్తున్నాను. మిషన్లకే కాదు, మనుషులకు, మామిడికాయలకు, మరే రెండింటికీ మధ్య ఈ జన్మలో తీర్పు చెప్పను. జేబు చూడకుండా ఏ అంగీనీ నీళ్లకు అప్పగించను. ఇంత పెద్ద ప్రమాణం చేశాక రెండు చేతులూ కళ్లకు అద్దుకోవాలని తెలుసు. కానీ ఇప్పుడే బాపు అంగీలు దులిపాను. అద్దుకున్నట్టే అనుకోండి.